అరగదీసిన చోటు

ఇంకో గంట ఆగాలట. ఆగుదాం, ఇన్నేళ్లు ఆగినవాళ్లకి గంట ఒక లెక్కా. దూదాయన చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, మోకాళ్ల కింద మడత పెట్టిన గోనెసంచి వేసుకుని, మా బండి ముందు చక్రం విప్పిన చోట వంగి కూర్చున్నాడు. గాజు గిన్నెలోని యాసిడ్‌లో దూది ముంచడం, ఛాసిస్ పట్టీ మీద అరచేయంత మేర మెల్లగా అద్దడం, ఆగడం, చూడడం, మళ్లీ ముంచడం. ఆయనకి అసలు పేరు ఏదో ఉంది, పొద్దున వస్తూనే చెప్పాడు, పాత కార్ల సంఘం పంపిన పరీక్షకుణ్ణి అని కార్డు కూడా చేతిలో పెట్టాడు, నా బుర్రలో మాత్రం దూదాయన అని పడిపోయింది, ఇక మారదు. నేను నా మూల కుట్టు బల్ల దగ్గర కూర్చుని, ఒళ్లో సీటు తోలు పెట్టుకుని, దబ్బనంతో అంచు కుడుతున్నాను. తొందరేమీ లేని పని, కానీ చేతులు ఖాళీగా ఉంటే కళ్లు అటే పోతాయి. అటు చూడకూడదని గట్టిగా అనుకున్నాను, కుట్టుకోసారి చూస్తూనే ఉన్నాను. అక్కడ ఒకప్పుడు బండి నంబరు కొట్టి ఉండేది. దాన్ని గ్రైండర్ పెట్టి అరగదీసింది మా ఆయన. ఆయన పోయి ఏడాది దాటింది. నంబరు తిరిగి తేలితే ఆయన చేసిన తప్పు దిద్దుబాటైనట్టు, తేలకపోతే ఆయన చెరిపింది చెరిపినట్టే మిగిలిపోయినట్టు. ఈ గంట గడిస్తే ఏదో ఒకటి తెలిసిపోతుంది.

బండి అంటే ఇప్పటివాళ్లు అనుకునే బండి కాదు, ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు, పైకప్పు లేదు, తలుపు నా మోకాలు దాటదు, అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. ఎవరో అన్నదమ్ములు చిన్న షెడ్డులో చేత్తో చేసి, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అమ్మి, దివాలా తీసి తలుపులు మూసుకున్నారట. మాకు అది మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ గోదాములో డ్రమ్ముల వెనక దొరికింది. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి, దీపాలు ఊడిపోయాయి, ఇంజిన్ దానిది కాదు, ఏ వ్యానుదో తెచ్చి ఇరికించారు. పాత ఇనుము కొనేవాడు కూడా పెదవి విరుస్తాడనుకున్నాను నేను. మా ఆయన మాత్రం కళ్లు మూసుకుని, ముందు మడ్‌గార్డు మీద అరచేయి ఆనించి, మెల్లగా తలుపు దాకా నిమురుకుంటూ వచ్చి, "ఇది అదే" అన్నారు. ఏది అని నేను అడగలేదు, ఆ మొహం చూశాక అడగబుద్ధి కాలేదు. పెళ్లికి ముందు నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు మహానుభావుడు. రేకు పని మనిషి, సొట్టలు తీయడం, కొత్త రేకు కొట్టి ఒంపు తేవడం ఆయన బతుకు, కళ్లు అబద్ధం చెప్తాయి గానీ అరచేయి చెప్పదనేవారు. ఆ తర్వాత కళ్లతో చూడాల్సినవి కూడా ఒక్కొక్కటీ చూశారు. బానెట్ మీద గాలి పోయే చీలికలు సమానంగా లేవు, మిషను మీద కోస్తే అలా రావు, ఎవరో కంటికొలతతో కోశారు. తలుపు లోపలి చెక్క మీద, ఎవరికీ కనిపించని వైపు, పెన్సిల్‌తో 'ఎడమ' అని రాసి కొట్టేసి మళ్లీ 'కుడి' అని రాసిన గుర్తు. ఒకచోట రంగుని ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దితే పొర కింద పొర బయటపడింది, పైన ఎరుపు, కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, అన్నిటికన్నా అడుగున పాలమీగడ రంగు. ఆ అన్నదమ్ములు మొదట్లో చేసిన బళ్లన్నీ ఆ మీగడ రంగేనట. ఆ వలయం దగ్గర ముగ్గురం తలలు ఆనించి చాలాసేపు నిలబడ్డాం, ఆయన, మరిది, నేను.

మరిది ఇప్పుడు దూదాయన భుజం మీదుగా వంగి చూస్తున్నాడు, వద్దన్నా వెనక్కి జరగడం లేదు. ఇంజిన్ పని మరిదిది, రేకు ఆయనది, సీట్లు నావి, ముగ్గురం కలిస్తే ఈ షెడ్డు. మెడలో కెమెరా వేసుకుని తయారుగా ఉన్నాడు, ఎందుకంటే తేలిన అంకె ఎక్కువసేపు నిలవదట, నీడలా కనిపించి పోతుందట, కనిపించినప్పుడే ఫొటో తీసుకోవాలట. పొద్దున దూదాయన చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. నంబరు కొట్టేటప్పుడు సుత్తి దెబ్బకి ఇనుము లోపలిదాకా నలుగుతుంది, పైపైన అరగదీసినా ఆ నలుగుడు పోదు, యాసిడ్ తగిలితే నలిగిన ఇనుము ఒక రంగు, నలగని ఇనుము ఒక రంగు తిరుగుతుంది. వినగానే మరిది మొహం వెలిగిపోయింది. "అంటే లోపల ఇంకా ఉన్నట్టేగా సార్?" అన్నాడు. "ఉంటే ఉన్నట్టే" అన్నాడు దూదాయన. ఆ జవాబులో నాకైతే ఊరట ఏమీ కనిపించలేదు, మరిదికి మాత్రం కనిపించింది, దాన్ని పట్టుకునే పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. యాసిడ్ వాసన గొంతులో పట్టుకుంటోంది. పై రేకు సందులోంచి ఎండ పడి నా బల్ల మీది దారపు ఉండల దాకా వచ్చింది. దూదికి ముదురు మరక అంటుతోంది, దూదాయన దాన్ని పారేసి కొత్తది తీశాడు.

గ్రైండర్ పెట్టిన రోజున కూడా నేను ఇదే బల్ల దగ్గర ఉన్నాను. ఛాసిస్ నిండా అట్టలు కట్టిన పాత రంగు, తారు, మట్టి. రంగు తీసే మందు పూసి, నాననిచ్చి, గీకి, కింద ఏముందో చూసుకుంటూ పోవాలి, పద్ధతి అది. మా ఆయన వెనకనుంచి ముందుకి అలాగే చేసుకుంటూ వచ్చారు, ఎవరూ వంక పెట్టలేని పని. ముందు పట్టీ దగ్గరికి వచ్చేసరికి మందు అయిపోయింది. మరిది తెస్తానని వెళ్లాడు. ఈయనకి ఆగడం రాదు. చేయి వేసి నిమిరారు, ఒక వరసలో గరుకుగా తగిలింది, తుప్పు బొడిపెలు అనుకున్నారు. గరుకంటే ఆయనకి ఒంటికి పడదు. ఇంట్లో కూడా అంతే, బల్ల అంచైనా తలుపు గడియైనా వేలికి తగిలిందంటే ఉప్పుకాగితం తెచ్చి రుద్దేదాకా మనిషి కుదురుగా ఉండరు, నా చెక్క గరిటెలన్నీ అలాగే పుల్లల్లా సన్నబడిపోయాయి. గ్రైండర్ తీసి, రంగుని, గరుకుని కలిపి ఒక్క ఊపులో లాగించేశారు. మరిది డబ్బాతో వచ్చేసరికి ఆ చోటు తళతళలాడుతోంది. "చేయి పెట్టి చూడరా" అని తమ్ముడి చేయి పట్టుకుని దాని మీద నిమిరించారు. "వెన్నలా ఉందన్నయ్యా" అన్నాడు మరిది. నేను కూడా లేచి వెళ్లి వేలు పెట్టి చూశాను, నిజంగానే బాగుంది. ఆ సాయంత్రం ముగ్గురం హాయిగా ఉన్నాం, నాకు బాగా గుర్తు.

ఆ పై ఎండాకాలంలో పాత కార్ల ప్రదర్శనకి వెళ్లాం. అక్కడ అదే అన్నదమ్ములు చేసిన ఇంకో బండి, ఒక పళ్ల డాక్టరుది, నీలం రంగు వేసి పాడుచేశాడు గానీ మిగతాదంతా అసలైనదే. ఆయన సంబరంగా ముందుకి వంగి లోపలికి చూశారు. వంగిన మనిషి చాలాసేపు లేవలేదు. నేను పక్కకి వెళ్లి చూస్తే, కుడివైపు ముందు పట్టీ మీద, చక్రం వెనక, ఒక వరసలో కొట్టిన అంకెలు. మా బండికి సరిగ్గా గ్రైండర్ పెట్టిన చోటే. ఆయన లేచి తన కుడి అరచేయి తిప్పి చూసుకున్నారు. ఆ గరుకు గుర్తొచ్చిందని నాకు వెంటనే తెలిసిపోయింది. "వెళ్దాం పద" అన్నారు, అంతే. దారిలో కారు నడుపుతున్న మరిది ఊరు దాటేదాకా నోరు విప్పలేదు, విప్పాక ఆగలేదు. "మందు తెస్తానన్నానా లేదా? కాసేపు. కాసేపు ఆగలేకపోయావా అన్నయ్యా? చేతులారా బండి పేరు తుడిచేశావు." ఆయన "అవును" అన్నారు. ఎదురు చెప్తే బాగుండేది, దెబ్బలాడుకుంటే బాగుండేది. "అవును" అన్నాక ఇంకెవరైనా ఏం మాట్లాడతారు? ఆ తర్వాత కొన్నాళ్లు ఇద్దరూ రెండడుగుల దూరంలో పని చేసుకుంటూ నా ద్వారా మాట్లాడుకున్నారు. వదినా, ఆ పానా ఇమ్మని అన్నయ్యకి చెప్పు. ఏమేవ్, అది నా దగ్గర లేదని వాడికి చెప్పు. నాకు మాత్రం జీతం లేని పోస్టుమ్యాన్ ఉద్యోగం. చివరికి ఒకరోజు విసిగిపోయి దబ్బనం బల్ల మీద గుచ్చి, మీ ఇద్దరి మధ్య ఆ పానా ఉంది, దాన్నే అడగండి అని బయటికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మాట్లాడుకుంటున్నారు.

మాట కలిసింది గానీ మనిషి మునుపటిలా లేరు. గ్రైండర్ మళ్లీ ముట్టుకోలేదు. ఏ చిన్న రేకు రుద్దాలన్నా ముందు ఎవరినో ఒకరిని పిలిచేవారు, "ఒకసారి ఇటొచ్చి చూడు, దీని కింద ఏమైనా ఉందంటావా?" అని. నాతో కూడా అంతే, వంటింటి బల్ల తుడవబోతూ నన్ను పిలిచి అడిగేవారు, మరక తప్ప ఏమీ లేదండీ తుడవండి అంటే అప్పుడు తుడిచేవారు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత నవ్వడం మానేశాను. ఈ యాసిడ్ సంగతి మరిది ఎక్కడో విని వచ్చి, పరీక్షకుణ్ణి పిలిపిద్దామన్నాడు, ఆయన ససేమిరా అన్నారు. "నేను చేసింది నాకు తెలుసురా, ఇంకొకరొచ్చి చూపించక్కర్లేదు" అని ఆ చోటు మీద నల్లరంగు రెండు పూతలు దట్టంగా వేసేశారు. పొద్దున దూదాయన వస్తూనే మందు పూసి తీసేసింది ఆ పూతలనే. బండిని మాత్రం వదల్లేదు, తలుపు, మడ్‌గార్డు, బానెట్, ఒక్కో రేకునీ అద్దంలా తయారుచేశారు. కానీ సంఘం వాళ్ల సభలో ఎవరో దాన్ని అతుకుల బొంత అంటే ఒక్క మాట తిరిగి అనలేదు. నేననబోతే నా మోచేయి నొక్కారు. నాకు ఆ రోజు ఎంత ఒళ్లు మండిందో! ఆ అన్నవాడి మీద కాదు, ఈయన మీద. తప్పు చేసినవాళ్లకి మాట్లాడే హక్కు లేదని తనకి తనే తీర్పు చెప్పేసుకున్న మనిషితో ఏం వేగుతాం.

ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో మగతగా పడుకుని కుడిచేయి దుప్పటి మీద అటూ ఇటూ ఆడించేవారు, నెమ్మదిగా, రేకు నిమిరినట్టే. నర్సు చేయి కదిలించకండి, సూది ఊడుతుంది అని చెప్తే విన్నట్టే విని మళ్లీ అదే. నేను ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను. "గరుకుగా ఉందే" అన్నారు. దుప్పటి కాబోలు అనుకుని సర్దాను. దుప్పటి కాదని బయటికి వచ్చి నడవలో నిలబడ్డాక అర్థమైంది. ఏడ్చాను. అంతకుముందు ఏడవలేదు, ఆ తర్వాత చాలా ఏడ్చాను గానీ ఆ నడవలో ఏడ్చిందే నాకు లెక్క.

"వదినా, ఏదో కనిపిస్తోంది!" మరిది అరిచాడు. దబ్బనం వేలిలో దిగింది. లేచాను, వెళ్లలేదు, బల్ల పట్టుకుని నిలబడ్డాను. దూదాయన చేయి ఎత్తి ఆగమన్నట్టు చూపించి, దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి చూశాడు. మళ్లీ దూది ముంచాడు. నేను వేలు నోట్లో పెట్టుకున్నాను. నంబరు తేలితే ఏమవుతుందో మరిది నాకు వందసార్లు చెప్పాడు. మ్యూజియం వాళ్లు తీసుకుంటారు, అద్దాల గదిలో పెడతారు, పక్కన పలక మీద అన్నయ్య పేరు ఉంటుంది. ఆ గదిలో పెట్టే బండికి నా సీట్లు ఉండవు, ఆ సంగతి మరిది చెప్పలేదు గానీ నాకు తెలుసు, అసలు బండికి ఎలాంటి సీట్లు ఉండేవో అలాంటివే పెట్టాలంటారు, ఆయన మోకాలి నొప్పికని నేను ఎత్తు పెంచి కుట్టిన సీటు పీకి పారేస్తారు. పీకనీ. పోతే పోయింది సీటు. బండి పోయినా పోనీ. నాకు కావాల్సింది ఒక్కటే, ఆ అంకెలు రావాలి, ఆయన చెరిపింది చెరగలేదని తెలియాలి. ఈ మాట ఇంతవరకు నాలో నేను కూడా ఇంత సూటిగా అనుకోలేదు. పొద్దున్నుంచీ వస్తే ఒక బాధ, రాకపోతే ఒక బాధ అని తూకం వేసుకుంటూ కూర్చున్నాను, వేలు గుచ్చుకోగానే తూకం ఎటు పోయిందో పోయింది. రావాలి. వచ్చి తీరాలి.

"అంకె కాదండీ" అన్నాడు దూదాయన.

మరిది కెమెరా కిందికి జారింది. దూదాయన నన్ను దగ్గరికి రమ్మని పిలిచాడు. వెళ్లి వంగాను. మెరిసే ఇనుము ఇప్పుడు మబ్బుపట్టిన బూడిద రంగులో ఉంది, దాని మధ్యలోంచి పైనుంచి కిందికి వేలెడు వెడల్పున ముదురు రంగు పట్టీ ఒకటి, అంచులు వంకరటింకరగా. అంకెలు లేవు, అంకె ముక్క కూడా లేదు. "ఇది వెల్డింగు" అన్నాడాయన, గుడ్డ ముక్కు మీంచి దించి. "పాతది. మీ చేతికి రాకముందు ఎప్పుడో చేసింది. ముందు భాగం దేనికో గుద్దుకుని ఉంటుంది, దాన్ని ఇక్కడిదాకా కోసేసి వేరే ఇనుము తెచ్చి అతికించారు. ఇటువైపు ఇనుము వేరు, అటువైపు వేరు, చూడండి, రంగు తేడా తెలుస్తోంది." కొలిచే పనిముట్టు తీసి పట్టీ మందాన్ని ఇక్కడోసారి, గ్రైండర్ తగలని చోట ఇంకోసారి కొలిచాడు. "మీ ఆయన తీసింది వెంట్రుకవాసి. నంబరు ఉండి ఉంటే ఆ కాస్తకి లోపలి నలుగుడు పోదండీ, అంకెలు పుస్తకంలోలా కనపడేవి. ఈ ముక్క మీద ఎప్పుడూ ఎవరూ ఏమీ కొట్టలేదు. నంబరున్న ముక్క కోసి పారేశారు, అది ఏ చెత్తలో పోయిందో."

"మరి అన్నయ్యకి గరుకుగా తగిలింది?" అన్నాడు మరిది.

"ఈ వెల్డింగు అతుకే. రంగు కింద ఉబ్బుగా ఉండి ఉంటుంది."

మరిది అలాగే నేల మీద చతికిలబడ్డాడు, యాసిడ్ గిన్నె పక్కనే, దూదాయన గిన్నెని అవతలికి జరిపాడు. బండి అసలుదని చెప్పడానికి ఇక దారి లేదు, మ్యూజియం లేదు, పలక లేదు, ఇదంతా మరిదికి తెలుసు, అయినా వాడు అన్న మాట అది కాదు. "అన్నయ్య ఏమీ చెరపలేదు వదినా" అన్నాడు. "అవునురా" అన్నాను. "ఎన్ని మాటలన్నాను." "అన్నావు." "పడ్డాడు వదినా, ఒక్కటి తిరిగి అనలేదు." నేను వాడి తల మీద చేయి పెట్టాను. నాకు సంతోషంగా ఉంది, నిజంగా సంతోషంగా ఉంది, గుండెల మీంచి ఎవరో బరువు దించినట్టుంది, ఆ సంతోషం వెనకే కోపం తన్నుకొచ్చింది. ఆయన మీదే. ఒక్క గంట చూడనిచ్చి ఉంటే ఏం పోయింది? దూది, యాసిడ్, ఒక్క గంట. ఎవరైనా ఏదైనా తప్పంటే ఎదురు చెప్పాలి, కనీసం వెళ్లి చూసుకోవాలి, మీరు చేశారంటే "అవును" అనేసి అన్నేళ్లు చేతిని చూసుకుంటూ కూర్చుంటారా? ఇప్పుడు ఎవరికి చెప్పను నేను ఈ మాట, ఎక్కడున్నారని వచ్చి చెప్పను? ఆ ముదురు పట్టీ మీద అప్పటికే ఎర్రటి తడి తుప్పు కమ్ముతోంది. ఫొటో తియ్యరా అన్నాను. మరిది కూర్చున్నవాడు కూర్చున్నట్టే తీశాడు, కళ్లు తుడుచుకుని ఇంకోటి తీశాడు.

దూదాయన సోడా కలిపిన నీళ్లతో ఆ చోటు కడిగి, తుడిచి, నూనె రాశాడు. తొడుగులు తీసి, చేతులు కడుక్కుని, నా బల్ల అంచున కాగితాలు పెట్టుకున్నాడు. మంచి మనిషి, మా మొహాలు చూడకుండా రాసుకుంటూ మాట్లాడాడు. "ఛాసిస్ ముందు భాగం మార్చబడింది, నంబరు లేదు, గుర్తింపు నిర్ధారించలేం. ఇలాగే రాయాలండీ. నాకు మాత్రం ఇది ఆ బండే అనిపిస్తోంది, కానీ అనిపించింది రాయకూడదు."

"అనిపించింది రాయొద్దు" అన్నాను. "కనిపించింది రాయండి. దీనికి రేకు పని చేసిన మనిషి నంబరు చెరపలేదని, ఇక్కడ చెరపడానికి ఏమీ లేదని రాయండి. ముందు అది రాయండి, తర్వాత మీ ఇష్టం."

"రిపోర్టులో అలాంటివి రాయరండీ" అన్నాడు మెత్తగా.

నేను కదల్లేదు. మరిది నేల మీంచి లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. దూదాయన మా ఇద్దరినీ చూశాడు, బండిని చూశాడు, రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని కొత్త కాగితం తీశాడు. "ఆయన పూర్తి పేరు చెప్పండి" అన్నాడు.

చెప్పాను. తప్పు రాస్తాడేమోనని నిదానంగా, అక్షరం అక్షరం, ఇంకోసారి చెప్పాను.